ఆరు మిల్లీమీటర్ల ఎడం

"పిండి కలపడానికి బుర్రతో పనేముందమ్మా" అని అత్తగారు అన్న మాటకు పందొమ్మిదేళ్ళు నిండాయి. అప్పటినుంచీ కోడలు రోజుకు రెండు రకాల పిండి కలుపుతోంది. పొద్దున వంటింట్లో కలిపేది ఇంటిల్లిపాదీ తింటారు. తొమ్మిది దాటాక మెట్లు దిగి క్లినిక్ వెనక గదిలో కలిపేది ఎవరూ తినరు. దాని మీద బతికి మాత్రం ఇంటిల్లిపాదీ తింటారు.

ఈ రెండో పిండికి బుర్ర కావాలి. ప్లాస్టర్ పొడిని నీళ్ళలో వేయాలి గానీ నీళ్ళను పొడిలో పోయకూడదు. రబ్బరు గిన్నె అంచుకు ఒత్తి తిప్పాలి గానీ గిలక్కొట్టకూడదు. గిలక్కొడితే గాలి బుడగలు చేరతాయి, బుడగ చేరిన చోట గుంట పడుతుంది, పుచ్చు లేని పంటికి పుచ్చు పుడుతుంది. నోట్లోంచి తీసిన అచ్చు ఎక్కువసేపు ఆగదు, ఆరి ముడుచుకుపోతుంది. అందుకని పొయ్యి మీద ఏమున్నా కట్టేసి పరుగెత్తుకు రావాలి. పైనుంచి అత్తగారు "నా కడుపు కాలుతుంటే దానికి బొమ్మలాట" అని వినపడేలా అనుకుంటుంది. పోసిన కొన్ని నిమిషాలకు ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కుతుంది. ఆ ఇంట్లో ఆమె అరచేతికి తగిలే వెచ్చదనం అదొక్కటే. అదీ పావుగంట.

భర్త పళ్ళకు క్లిప్పులు వేసే డాక్టరు. వంకర పళ్ళను తీగతో లాగి వరసలో పెడతాడు. లాగేముందు ఎటు లాగాలో, ఎంత లాగాలో, చోటు చాలుతుందో లేదో తెలియాలి. మనిషి నోటిని చేతుల్లోకి తీసుకుని వెనకవైపునుంచీ నాలుక వైపునుంచీ తిప్పి చూడలేం. ప్లాస్టర్ మోడల్‌ను చూడొచ్చు. ఆ మోడల్‌ను పోసేది ఆమె, అంచులు కోసేది ఆమె, డివైడర్ పెట్టి పన్ను పన్నూ కొలిచేది ఆమె, ఇత్తడి తీగను దవడ వంపు వెంట వంచి చోటు లెక్కకట్టేది ఆమె, ఆ అంకెలు షీటు మీద రాసేది ఆమె. ఆ షీటు చూసి ఏ పన్ను ఉండాలో ఏ పన్ను ఊడాలో చెప్పేది అతను. ముందు గది గుమ్మం మీద అతని పేరు బోర్డు ఉంది. వెనక గదికి బోర్డు లేదు. పెళ్ళికి ముందు ఆమె పళ్ళ ల్యాబు పనిలో రెండేళ్ళు చదివింది. సంబంధం కుదిరిన రోజున మామగారు, ఇప్పుడు లేడు, కొడుకు భుజం తట్టి "ఇంకేంరా, ల్యాబు నడిచి ఇంటికొస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అది తన గురించేనని అప్పుడు అర్థం కాలేదు.

అతను చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, చెయ్యెత్తడు, పేషెంట్లతో పరాచికాలాడతాడు. ఏడ్చే పిల్లలు అతని కుర్చీలో నవ్వుతారు. అతని శాసనం ఒకటే. "పేషెంటు ముందు నువ్వు నోరు తెరవకు. ఒక క్లినిక్‌లో రెండు మాటలు వినపడితే పేషెంటు మూడో క్లినిక్కి పోతాడు." అందుకని ఎవరేమడిగినా ఆమె జవాబు "డాక్టరుగారిని అడగండి". నొప్పి పుడుతుందా అన్నా అదే, బాత్రూమ్ ఎటు అన్నా ఒకోసారి అదే వచ్చేస్తుంది. గదిలో గోడల నిండా అరలు, అరల నిండా అట్టపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో నోరు. అన్ని నోళ్ళ మధ్య కూర్చుంటుంది, ఒక్కటీ పలకదు. బజారులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నవ్వుతుంటే ఆమెకు తెలుస్తుంది, ఎడమ కోరపన్ను కొంచెం తిరిగి ఉన్న ఫలానా పెట్టె. పలకరించబోయి ఆగుతుంది. వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. అత్తగారి కట్టుడు పళ్ళు కూడా ఆమె చేతి పనే. నేను అమర్చిన పళ్ళతోనే నన్ను నములుతోంది అనుకుని అప్పుడప్పుడు ఒక్కతే నవ్వుకుంటుంది. ఆ జోకు చెప్పుకోవడానికి మనిషి లేదు.

ఆ సోమవారం ఒక దర్జీ ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. పిల్లకు పద్నాలుగేళ్ళు. ముందు పళ్ళు కాస్త ఒరుసుకున్నాయి, అంతే. డాక్టరు అయిదు నిమిషాలు చూసి అచ్చులు తీశాడు. ఆమె పక్కన ట్రే పట్టుకుని నిలబడింది. ఆఖరికి పై పళ్ళూ కింది పళ్ళూ ఎలా కలుస్తాయో తెలియడానికి వేడి చేసిన మైనపు ముక్కను మధ్యలో పెట్టి కొరికించాలి. సరిగ్గా అప్పుడే అతనికి ఫోను వచ్చింది. డాక్టర్ల సంఘంలో ఏదో పదవికి నిలబడ్డాడు, వారం రోజులుగా ఫోను చెవిని వదలడం లేదు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, ఒక చేత్తో మైనం నోట్లో పెట్టి, ఇంకో చేత్తో పిల్ల గడ్డం పట్టి వెనక్కి నొక్కాడు.

"కొరుకు. దవడ పళ్ళతో కొరుకు. ఆఁ, అలాగే ఉండు... లేదు సార్, మీకు కాదు, మీకెలా చెబుతాను కొరకమని!" అని పెద్దగా నవ్వాడు.

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. గడ్డం కింద అతని బొటనవేలి గుర్తు ఎర్రగా పడింది. ఆ మైనాన్ని అలాగే మళ్ళీ నోట్లో పెట్టి పక్కనుంచి ఎక్స్‌రే కూడా తీశాడు.

మూతికి అంటింది కడుక్కోవడానికి పిల్లను వెనక గది కుళాయి దగ్గరికి పంపారు. పిల్ల కడుక్కుని, తుడుచుకుని, అరల వంక చూస్తూ గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

"ఇవన్నీ ఎవరివి ఆంటీ?"

"వచ్చినవాళ్ళవి."

"చచ్చిపోయినవాళ్ళవి అనుకున్నా." నవ్వింది. వెంటనే నవ్వు ఆపింది. "నాకు పీకుతారా ఆంటీ? మా క్లాసులో ఒకమ్మాయికి నాలుగు పీకారు. అవి ఎక్కడికి పోతాయి?"

"ఏవి?"

"పీకిన పళ్ళు."

ఆమె కుళాయి కట్టేసింది. "డాక్టరుగారిని అడుగమ్మా" అంది. "గోళ్ళు కొరక్కు. వేలి కండ కూడా తినేసేలా ఉన్నావు." పిల్ల చేతులు వెనక దాచుకుంది.

మరునాడు ఆమె మోడల్స్ కోసింది. మైనం మధ్యలో పెట్టి, పైదీ కిందిదీ కలిపి పట్టుకుని, వెనకవైపు రెండిటినీ ఒకేసారి ట్రిమ్మర్ రాయికి ఆనించి చదును చేయాలి. అలా చేస్తే ఆ తర్వాత మైనం అక్కర్లేదు. రెండు మోడల్స్‌నూ వీపు ఆనించి బల్ల మీద పడుకోబెడితే చాలు, నోట్లో ఎలా కలుస్తాయో అచ్చంగా అలాగే కలుస్తాయి. డాక్టరు ప్లాను వేసేది దాన్ని చూసే. "నోరు అబద్ధమాడొచ్చు, మోడల్ ఆడదు" అని పేషెంట్లకు చెబుతుంటాడు.

స్కేలు పెట్టి కొలిచింది. పై పళ్ళు కింది పళ్ళకన్నా ఆరు మిల్లీమీటర్లు ముందుకున్నాయి. ఆరు రాసింది. రాసి, పెన్ను కింద పెట్టి, మళ్ళీ ఆ అంకెను చూసింది. ఆరు మిల్లీమీటర్ల ఎడం ఉన్న పిల్ల గోరు కొరకగలదా? ఆ గోళ్ళు ఆమెకు కళ్ళకు కట్టాయి. కత్తెరతో తీసినట్టు నున్నగా, కండ మొదటిదాకా. ముందు పళ్ళు ఒకదాన్నొకటి తాకని నోటితో అంత నున్నగా కొరకడం ఎవరి తరం? మోడల్స్‌ను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. పై కోరపన్ను లోపలివైపు ఒక చిన్న మెరుపు, బియ్యపు నూకంత. అది అరిగిన చోటు. కింది కోరపన్ను కొసన కూడా అలాంటిదే ఉంది. ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి రాసుకుంటే తప్ప పంటికి అలాంటి మెరుపు రాదు. మైనం చెప్పినట్టు కలిపితే ఆ రెండు మెరుపులూ ఒకదాన్నొకటి తాకకుండా ఎక్కడివక్కడ ఉండిపోతున్నాయి. మైనం తీసి పక్కన పెట్టింది. రెండు మోడల్స్‌నూ వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, మెల్లగా కదుపుతూ, వాటి చోటు వాటినే వెతుక్కోనిచ్చింది. కింది దవడ కొంచెం ముందుకు జరిగి టక్కున కూర్చుంది. మెరుపు మీదికి మెరుపు వచ్చింది. కొలిచింది. రెండున్నర.

గడ్డం కింద ఎర్రటి వేలి గుర్తు. పిల్ల కొరకలేదు, అతను నొక్కాడు. మూడున్నర మిల్లీమీటర్లు నొక్కాడు. నొక్కింది మైనంలోకి వెళ్ళింది, మైనంలోది మోడల్‌లోకి వచ్చింది, ఎక్స్‌రేలోకీ వచ్చింది. ఇప్పుడు మూడూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెబుతున్నాయి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పింది. అప్పటికే అతను షీటు చూసి ప్లాను రాసేశాడు. పైవరసలో రెండు పళ్ళు పీకాలి, అటొకటి ఇటొకటి, కోరపన్ను వెనకవి. ఆ ఖాళీలోకి ముందు పళ్ళను లాగాలి. గురువారం.

"ఏవండీ, ఆ దర్జీ ఆవిడ కూతురు... మైనం సరిగ్గా పడలేదేమోనండి. ఒకసారి మళ్ళీ కొరికిస్తే బావుంటుంది."

"ఎందుకు?"

"ఎడం అంత లేదనిపిస్తోంది. రెండున్నరే ఉంది."

"నువ్వేగా ఆరు రాశావు!"

"మైనంతో ఆరండి. మైనం లేకుండా..."

"మైనం లేకుండా కొలవమని నీకెవరు చెప్పారు?" అతను కోపంగా అనలేదు. పిల్లాడు అడిగిన ప్రశ్నకు నవ్వినట్టు నవ్వాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలు ఇంక ప్లాన్లు కూడా వేస్తుందట."

"వేస్తుంది, వేస్తుంది" అంది అత్తగారు. "ఈ కూరలో ఉప్పు వేసిందేమో ముందు చూడు."

"ఆ పిల్ల గోళ్ళు కొరుకుతుందండీ. ముందు పళ్ళు కలవకపోతే..."

"గోళ్ళా!" అతనికి పొలమారింది. నీళ్ళు తాగి తేరుకున్నాడు. "నా ఇరవై ఏళ్ళ చదువు, గోళ్ళ దగ్గర ఆగిపోయిందన్నమాట. చూడూ, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు నేను డాక్టర్ని. పీకితే ఏమవుతుంది? నీ నోట్లోంచి నాలుగు పీకాను. ఏమైంది? బానే ఉన్నావుగా?"

"మరే" అంది అత్తగారు. "పన్ను మీద పన్నేసుకుని వచ్చింది. మనిషిని చేశావు."

ఆమె ఉప్పు డబ్బా తెచ్చి అత్తగారి కంచం పక్కన పెట్టింది.

ఆ నాలుగు పళ్ళ సంగతి ఆమె ఎప్పుడూ తలుచుకోలేదని కాదు. తలుచుకోవలసిన పనిగా అనిపించలేదు. పెళ్ళయిన మూడో నెల. క్లినిక్ కొత్త. పేషెంట్లు లేరు. పళ్ళ డాక్టరు పెళ్ళానికే పన్ను మీద పన్నుంటే నలుగురూ ఏమనుకుంటారని అత్తగారు. "నువ్వే నా బోర్డువి. నువ్వు నవ్వితే చాలు, ఇంక వేరే ప్రకటన అక్కర్లేదు" అని అతను. ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. ఒక వారం రెండు, ఇంకో వారం రెండు. రెండున్నరేళ్ళు తీగలు. పళ్ళు వరసకొచ్చాయి, నిజమే, గీత గీసినట్టు వచ్చాయి. పెదాలు మాత్రం లోపలికి పోయాయి. ఒకసారి చాలాకాలం తర్వాత చూసిన చిన్ననాటి స్నేహితురాలు "అదేంటే, మూతి ముడుచుకున్నట్టున్నావు, కోపమా?" అని అడిగింది. కోపం లేదని చెప్పింది. ఇంట్లో కూడా అందరూ అదే అడిగేవాళ్ళు, ఎందుకా మూతి ముడుపు అని. మొదట్లో కాదని చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది. కోపం లేని మొహానికి కోపం అతికించి పందొమ్మిదేళ్ళు మోయించారు. ఏదో రోజున నిజంగా కోపం వస్తే, మొహంలో అది కూర్చోడానికి కొత్తగా చోటు ఉండదు కదా అని ఆమెకు అప్పుడప్పుడూ అనిపించేది.

బుధవారం మధ్యాహ్నం క్లినిక్ మూసి అతను భోంచేసి పడుకున్నాడు. అత్తగారి గురక మెట్ల దాకా వినిపిస్తోంది. ఆమె వెనక గదిలోకి వచ్చి, స్టూలెక్కి, పై అరలో గోడవారగా ఉన్న పెట్టె తీసింది. దాని మీద ఒకటి అని అంకె ఉంది. ఆ క్లినిక్‌లో మొదటి నోరు ఆమెదే. ఆ మోడల్స్ ఆమె పోసినవి కావు, అతనే పోశాడు. నాలుగు బుడగల గుంటలున్నాయి. ఇంతమంది నోళ్ళు కొలిచింది గానీ తన నోరు ఎప్పుడూ కొలవలేదు. పీకినప్పుడు కొలవడం వచ్చు, కానీ అప్పుడు ఆమె కొత్త పెళ్ళికూతురు. కొలిచే మనిషి కాదు.

డివైడర్ తీసింది. ఒక్కొక్క పన్నూ పట్టుకుని అట్టముక్క మీద గుచ్చుకుంటూ వచ్చింది. ఇత్తడి తీగను దవడ వంపు మీద పరిచి, తీసి, నిటారుగా లాగి స్కేలు మీద పెట్టింది. రెండు అంకెలూ పక్కపక్కన రాసింది. తప్పు చేశాననుకుని మళ్ళీ కొలిచింది. మూడోసారి తీగ మార్చి కొలిచింది. పైవరసలో చాలని చోటు రెండున్నర మిల్లీమీటర్లు. కిందివరసలో మూడు. అంతే. ఒక్కో పన్ను ఏడు మిల్లీమీటర్లు. రెండున్నర చాలకపోతే పద్నాలుగు తీశాడు. పళ్ళ పక్కలను సన్నటి గరుకు పట్టీతో కాస్తంత అరగదీస్తే దొరికే చోటు కోసం నాలుగు బంగారంలాంటి పళ్ళు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ కొండనాలుకకు జబ్బు కూడా లేదు. తెలియక చేశాడా? కొత్త డాక్టరు, తెలియకపోయి ఉండొచ్చు. మరి తర్వాత తెలియలేదా? ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకసారి పెట్టె తీసి చూసి ఉండడా? చూసి ఉంటే చెప్పలేదు. చూడకపోతే చూడాలని తోచలేదు. రెండిటిలో ఏది మేలో ఆమె తేల్చుకోలేకపోయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పాలి అని ఆలోచించింది. తల్లి లేదు. చెల్లెలికి చెబితే "ఇప్పుడెందుకే అవన్నీ" అంటుంది. అతనికి చెబితే నవ్వుతాడు. పక్కింటావిడకు చెబితే మిల్లీమీటరంటే ఎంత అంటుంది. లోకంలో ఈ రెండున్నర అంకె విలువ తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు పైన నిద్రపోతున్నారు.

పెట్టె మూసి పైన పెట్టేసింది. పిల్ల మోడల్స్ బల్ల మీద ఉన్నాయి. రేపు పదింటికి పళ్ళు పీకే డాక్టరు వస్తాడు. గురువారం గురువారం వచ్చి, చీటీలో ఉన్న పన్ను చూసి పీకి పోతాడు. ఎందుకని అడగడు, అది అతని పని కాదు. చీటీ రాసేది ఆమె. రాసి సంతకానికి పెట్టేసింది కూడా. ఇంక ఆ పిల్లకూ పట్టుకారుకూ మధ్య అడ్డం ఏమీ లేదు, బల్ల మీది ఈ ప్లాస్టర్ తప్ప.

రెండు మోడల్స్‌నూ మైనం లేకుండా కలిపింది. టక్కున కూర్చున్నాయి. పై మోడల్ వీపు కిందిదానికన్నా మూడున్నర మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వచ్చింది. అతను నొక్కిన నొక్కుడు అంతా అక్కడ మిగిలింది. ట్రిమ్మర్ వేసింది. కోస్తే ఇంక అతికించడం కుదరదు. నీళ్ళు తెల్లగా కారాయి. అయిదు నిమిషాల పని.

గురువారం దర్జీ ఆవిడ వచ్చింది. పీకేముందు మోడల్స్ చూపించి, ఎందుకు పీకుతున్నామో చెప్పి, కాగితం మీద సంతకం తీసుకోవడం ఆ క్లినిక్ పద్ధతి. డాక్టరు పెట్టె తెరిచాడు. ఆమె ఎప్పటిలాగే గోడవారగా నిలబడింది. పక్క గదిలో పళ్ళు పీకే డాక్టరు చేతులు కడుక్కుంటున్న చప్పుడు. పిల్ల ఒక గోరు నోట్లో పెట్టుకుని తీసేసింది.

"చూడండమ్మా, నోరు అబద్ధమాడొచ్చు, మోడల్ ఆడదు. ఇదిగో మీ అమ్మాయి పై పళ్ళు ఎంత ముందుకున్నాయో చూడండి" అంటూ అతను రెండిటినీ వీపుల మీద పడుకోబెట్టాడు.

దర్జీ ఆవిడ వంగి చూసింది. "ఏవండీ ముందుకున్నాయి?" అంది. "సరిగ్గానే ఉన్నాయిగా?"

అతను చూశాడు. మోడల్స్ ఎత్తి వీపులు చూశాడు. కొత్తగా కోసిన ప్లాస్టర్ తెల్లగా ఉంది. ఒక్క క్షణమే. మనిషి తెలివైనవాడు, వెంటనే నవ్వేశాడు.

"మా ఆవిడ చెయ్యి జారింది. కోసేటప్పుడు ఎక్కువ కోసేసింది. ఇంట్లో కూరగాయలు కూడా ఇంతే, తొక్కతోపాటు సగం కాయ పోతుంది. మోడల్స్ మళ్ళీ తీసుకుందాం లెండి. పీకుడు మాత్రం ఇవాళ కానిచ్చేద్దాం, ఆ డాక్టరు మళ్ళీ వారం దాకా రాడు. ఇక్కడ ఒక సంతకం..."

తప్పించుకునే దారి చూపించాడన్నమాట. చెయ్యి జారిందంటే సరిపోతుంది. ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు జారలేదు. అతను మరిచిపోయిన ఫోన్లు, అతను పారేసిన ఎక్స్‌రేలు, అతను తప్పుగా ఇచ్చిన తారీకులు, అన్నీ ఆమె చేతిలోంచే జారాయి. తలవంచుకుని నిలబడితే ఈ పూట గడిచిపోతుంది. సాయంత్రం అతను నవ్వుతూ నాలుగు అంటాడు, అత్తగారు ఆరు అంటుంది, రేపు మళ్ళీ పిండి. దర్జీ ఆవిడ పెన్ను అందుకుంది.

"చెయ్యి జారలేదండీ" అంది ఆమె. "కావాలనే కోశాను."

అతను తలెత్తాడు. "నువ్వు లోపలికి వెళ్ళు."

"అమ్మాయ్, ఒకసారి ఉమ్మి మింగి నోరు మూయి. గట్టిగా వద్దు, నీ ఇష్టం వచ్చినట్టు మూయి." పిల్ల మూసింది. ఆమె ముందుకొచ్చి పై పెదవి రెండు వేళ్ళతో ఎత్తింది. "చూడండి. మోడల్ చూడండి, ఇది చూడండి. సోమవారం మైనం కొరికించినప్పుడు గడ్డం వెనక్కి నొక్కేశారు. దాంతో ఎడం ఎక్కువ కనిపించింది. పీకక్కర్లేదు. కాస్త చోటు చేసి తీగ వేస్తే సరిపోతుంది."

"నాకు గడ్డం నొప్పెట్టింది కూడా" అంది పిల్ల పెదవి కిందనుంచి. "అమ్మా, నేను చెప్పానుగా!"

దర్జీ ఆవిడ వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మెడలో టేపు కొసను వేలికి చుట్టుకుంటూ "కొలతలెవరు తీశారు?" అని అడిగింది.

"అమ్మా, ఈవిడ డాక్టరు కాదు. వెనక గదిలో పిండి కలుపుతుంది. ఈవిడకేం తెలుసు?"

"కొలతలెవరు తీశారని అడుగుతున్నానండీ. మా దగ్గర కూడా కొలత తీసేవాళ్ళు ఒకరు, కత్తిరించేవాళ్ళు ఒకరు అయితేనే గుడ్డ పాడవుతుంది."

"నేను తీశాను" అంది ఆమె. "ఇన్నేళ్ళుగా ఇక్కడికొచ్చిన అందరివీ నేనే తీశాను. నావి తప్ప. నావి నిన్న మధ్యాహ్నం తీశాను. నాకు నాలుగు పళ్ళు పీకారు, పీకక్కర్లేదు." ఇది అతనివైపు తిరిగి అనలేదు. ఆ తల్లికి చెప్పింది, ఒక కేసు చెప్పినట్టు చెప్పింది. అయినా అది వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది. అతని మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయి, దాని వెనక మనిషి కనిపించకుండా పోయాడు. అతనికి తెలుసు. ఆ మొహం చూశాక ఆమెకు ఇంక సందేహం మిగల్లేదు. ఎప్పుడో పెట్టె తీసి చూశాడు. చూసి, మూసి, పై అరలో గోడవారగా పెట్టాడు.

పక్క గదిలో కుళాయి ఆగింది. "పంపిస్తారా?" అని కేక.

దర్జీ ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "లేవే" అంది కూతురితో.

"కూర్చోండమ్మా. ఒక్క నిమిషం. భార్యాభర్తలన్నాక ఏవో మాటలుంటాయి, పిల్ల వైద్యం మధ్యలో ఆపితే..."

ఆమె షీటు తీసుకుంది. ఆరు కొట్టేసి రెండున్నర అని రాసింది. ఎలా కొలిచిందో రెండు ముక్కల్లో కింద రాసి, దాని కింద తన పేరు రాసి, పొడి అక్షరాలు చాలవని ఇంటిపేరు కూడా విడమరిచి రాసింది. షీటు మడిచి మోడల్స్‌తో పాటు పెట్టెలో పెట్టి, పెట్టె ఆ తల్లి చేతికిచ్చింది. "ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎవరైనా సరే, ముందు పిల్లను తనంతట తను నోరు మూయమని చెప్పండి. ఏదైనా అడగాలంటే నన్ను అడగమనండి."

"నిన్నా?" అన్నాడు అతను. లేచి నిలబడ్డాడు. మొదటిసారి గొంతు పెరిగింది. "ఆ కాగితం చెల్లదు. నువ్వెవరివి సంతకం పెట్టడానికి?"

"చెల్లని కాగితానికి మీరెందుకండీ కంగారు పడతారు?"

దర్జీ ఆవిడ పెట్టెను చంకలో ఇరికించుకుంది. అతను బల్ల చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి చాపాడు, గుమ్మానికీ వాళ్ళకూ మధ్య. పేషెంటు మీద చెయ్యి వేయలేడు, అందుకని చెయ్యి గాలిలోనే ఉంది.

"ఆ పెట్టె ఇక్కడ పెట్టి వెళ్ళండి. మోడల్స్ బయటికి పోకూడదు. అవి క్లినిక్ సొత్తు."

ఆమె వచ్చి ఆ చేతిని కిందికి దించింది. మెల్లగానే దించింది.

"నోరు ఆ పిల్లదండీ" అంది.